వీధి చివరి దాకా

జబ్బుపడిన మనిషిని చూడటానికి వెళ్తే మన నోటివెంట ముందుగా వచ్చే మాట ఒకటుంది. ‘‘ఎలా ఉంది? కాస్త ఓపిక వచ్చిందా?’’ అని అడుగుతాం. మంచం మీది మనిషి సన్నగా నవ్వి ‘‘పరవాలేదు’’ అంటారు. పక్కనున్న ఇల్లాలు ఆ మాటను అందుకుని, ‘‘నిన్నటికంటే నయం, వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు’’ అని చెబుతుంది. ఆమె చెప్పిన ఆ ఒక్క ముక్కలో ఎంతో కబురు ఉంటుంది. వాకిట్లోకి రావడం, తన స్నానం తాను చేయడం, వీధి చివరి కిరాణా కొట్టు దాకా వెళ్లి రావడం... మనిషి కోలుకుంటున్నాడో లేదో మన ఇళ్లలో ఇలాగే కొలుచుకుంటాం. అన్నవాహిక క్యాన్సర్ బారినపడినవారి విషయంలో ఈ ఇంటి కొలతలకు వైద్యంలోనూ పెద్ద పీట వేయాల్సిన అవసరం ఉంది.

గొంతు నుంచి పొట్ట దాకా ముద్దను చేరవేసే కండర గొట్టం అన్నవాహిక. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. అందులో కణితి పెరుగుతున్నా చాలాకాలం తెలియదు. ముద్ద అడ్డం పడినట్టనిపిస్తే మంచినీళ్లు తాగి దించుకుంటారు. కొన్నాళ్లకు రొట్టె మానేసి అన్నం, అన్నం మానేసి మెత్తటి ఇడ్లీ, ఆ తర్వాత జావ, చివరికి మజ్జిగ. ఎండోస్కోపీ గది దాకా వెళ్లేసరికి చాలామందికి చొక్కాలు వదులై, వేలి ఉంగరాలు జారిపోతుంటాయి. వైద్యం మొదలవకముందే ఒంట్లో కండ కరిగిపోయి ఉంటుంది. బలం పుంజుకోవాల్సిన దారినే మూసేయడం ఈ జబ్బులోని క్రూరత్వం. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.11 లక్షల మందిలో ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. ఆ ఏడాదే సుమారు 4.45 లక్షల మంది దీనికి బలయ్యారు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం. దానికి పొగాకు, మద్యం ప్రధాన కారణాలు.

ఛాతీ తెరిచి, అన్నవాహికను తీసేసి మనిషిని బతికించడం ఒకప్పుడు ఊహకందని పని. 1913 మార్చిలో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ అనే శస్త్రవైద్యుడు 67 ఏళ్ల మహిళకు ఆ పని చేసి చూపించారు. తీసేసిన చోట తిరిగి కలిపే వీల్లేకపోయింది. దాంతో మెడ దగ్గర ఒక రంధ్రం, పొట్ట మీద ఒక రంధ్రం, రెంటినీ కలుపుతూ ఒంటికి బయట ఒక రబ్బరు గొట్టం మిగిలాయి. ఆమె నమిలి మింగింది ఆ గొట్టంలోంచే పొట్టలోకి దిగేది. అలా పన్నెండేళ్లకు పైగా బతికింది. ఆ ఏళ్లను వైద్యచరిత్ర గౌరవంగా లెక్కపెట్టుకుంది. అన్నేళ్లలో ఆమె ఎంత దూరం నడవగలిగేది, మెట్లెక్కగలిగేదా, బజారు నుంచి సంచి మోసుకు రాగలిగేదా అని పద్ధతిగా అడిగి రాసుకునే అలవాటు మాత్రం వైద్యానికి అప్పటికింకా రాలేదు.

ఆ అలవాటు నెమ్మదిగా వచ్చింది. 1940ల చివర్లో అమెరికాలో డేవిడ్ కర్నోఫ్‌స్కీ, రోగి తన పనులు తాను చేసుకోగల శక్తికి నూటికి ఇన్ని అని మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. ఆ మార్కులు వేసేది వైద్యుడే. రోగి తన సంగతి తానే చెప్పుకునేలా యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ 30 ప్రశ్నల పత్రాన్ని తయారుచేసింది. అది 1993లో అచ్చయింది. అందులో మొదటి ఐదు ప్రశ్నలూ శరీర శక్తి గురించినవే. బరువైన సంచి మోయడం లాంటి కష్టమైన పనులకు ఇబ్బంది పడుతున్నారా? ఎక్కువ దూరం నడవడం కష్టంగా ఉందా? ఇంటి బయట నాలుగడుగులు వేయడమూ కష్టమేనా? పగలు మంచానికో కుర్చీకో పరిమితం కావాల్సి వస్తోందా? తినడానికి, బట్టలు వేసుకోవడానికి, స్నానానికి, మరుగుదొడ్డికి ఇంకొకరి సాయం కావాలా? అస్సలు లేదు, కొద్దిగా, బాగానే, చాలా ఎక్కువగా... ఈ నాలుగింటిలో ఒక జవాబు ఎంచుకోవాలి. వాటిని కలిపి నూటికి లెక్కకడతారు. పరామర్శకు వచ్చిన పెద్దమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగే ప్రశ్నలే ఇవి. మన ‘పరవాలేదు’ అనే మాట వెనక దాగిపోయేదంతా వీటి ముందు బయటపడుతుంది.

ఈ జబ్బుకు చేసే వైద్యం మునుపటికంటే ఎంతో మెరుగుపడింది. నెదర్లాండ్స్‌లో జరిగిన ‘క్రాస్’ అధ్యయన ఫలితాలు 2012లో వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు ఐదు వారాలపాటు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చినవారిలో సగం మంది 49 నెలలకు పైగా బతికారు. ఆపరేషన్ ఒక్కటే చేసినవారిలో అది 24 నెలలు. ఆయుష్షు రెట్టింపయిందంటే సామాన్యమైన సంగతి కాదు. అయితే ఆ ఐదు వారాలూ ఒంటికి పెద్ద పరీక్షే. మన ఊళ్లలో రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. వారానికి ఐదు రోజులు దానికోసం ఆసుపత్రికి తిరగాలి. రోజులు గడిచేకొద్దీ గుటక వేస్తే మంట. ఎంత నిద్రపోయినా తీరని నీరసం. కీమో మందుల్లో ఒకటైన పాక్లిటాక్సెల్ కొందరి పాదాల్లో తిమ్మిరి తెచ్చిపెడుతుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియనంత తిమ్మిరి. అలాంటి పాదంతో నడవాలంటే భయం వేస్తుంది. భయపడితే నడక తగ్గుతుంది, నడక తగ్గితే మిగిలిన కండ కూడా పోతుంది.

ఆ తర్వాత ఆపరేషన్. వేల్స్‌లో పుట్టిన శస్త్రవైద్యుడు ఐవర్ లూయిస్ 1946లో వివరించిన పద్ధతి, కొత్త మార్పులతో నేటికీ వాడుకలో ఉంది. పొట్ట వైపు నుంచి ఒకసారి, కుడి ఛాతీ వైపు నుంచి ఒకసారి లోపలికి వెళ్లి, జబ్బు సోకిన భాగాన్ని తీసేసి, జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మలచి ఛాతీలోకి లాగి అతుకుతారు. అది జరిగిన మర్నాడో, ఆ పై రోజో వార్డులో ఒక దృశ్యం కనిపిస్తుంది. ఛాతీ పక్కనుంచి బయటికొచ్చిన గొట్టం చివర ఒక సీసా ఉంటుంది. ముక్కులో ఒక గొట్టం, తిండి ఎక్కించడానికి పొట్ట మీద ఇంకొకటి. సీసాను నర్సు పట్టుకుంటుంది. సెలైన్ స్టాండును కూతురు తోస్తుంది. తండ్రి మంచం అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, రెండుసార్లు ఊపిరి తీసుకుని లేస్తారు. మొదటి రోజు కిటికీ దాకా. మర్నాడు తలుపు దాకా. ఆ తర్వాత వరండాలోకి. ‘‘ఇంకో నాలుగడుగులు నాన్నా, ఆ నీళ్ల ఫిల్టరు దాకా’’ అంటుంది కూతురు. ఆయన తల ఊపుతారు. మాట్లాడితే ఊపిరి వృథా అవుతుందని మాట్లాడరు.

చూసేవారికి ఇది మొరటుగా అనిపించవచ్చు. అంత పెద్ద కోత పడిన మనిషిని అప్పుడే నడిపించడమేమిటని బంధువులు నొచ్చుకుంటారు. పక్కటెముకల మధ్య గాయం ఉన్నప్పుడు గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి కాబట్టి మనిషి పైపైనే శ్వాస తీస్తాడు. దాంతో ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా తెరుచుకోదు, కఫం పేరుకుంటుంది, నిమోనియా పొంచి ఉంటుంది. లేచి నిలబడి వేసే ప్రతి అడుగూ ఆ ఊపిరితిత్తులను తెరుస్తుంది. మూడు బంతుల పరికరాన్ని చేతికిచ్చి గాలి పీల్చమనేదీ అందుకే. ఆ వరండాలో నడక కూడా మందుల చీటీలో రాసి ఇవ్వాల్సిన మందే.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలవుతుంది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఎవరో ఒకరు లేపి నడిపించారు. ఇంట్లో ఆ పని చేసేవారు ఉండరు. జీర్ణాశయం సన్నని గొట్టమైపోయింది కాబట్టి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. ఆకు నిండా వడ్డించుకుని తినే రోజులు పోయి, చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా రోజుకు ఆరేడుసార్లు తినాల్సి వస్తుంది. తీపి తిన్నా, ముద్ద ముద్దకూ నీళ్లు తాగినా అదంతా ఒక్కసారిగా పేగుల్లోకి జారి, కొందరికి అరగంటలోపే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. తొలి ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతుకు పైగా తగ్గడం సాధారణం. తిన్నది వెనక్కి రాకుండా ఆపే కవాటమూ ఉండదు కాబట్టి వెల్లకిలా పడుకుంటే పులుపు గొంతులోకి వస్తుంది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూర్చున్నట్టుగానే నిద్ర. తిండి తగ్గి, నిద్ర చెడిన ఒంట్లో ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఆ ఐదు ప్రశ్నల పక్కన మన నేల నుంచి ఆరో ప్రశ్న ఒకటి చేర్చాలనిపిస్తుంది: వంగగలుగుతున్నారా? మన పనుల్లో సగం వంగి చేసేవే. నాట్లు వేయాలన్నా, కలుపు తీయాలన్నా, వాకిట్లో ముగ్గు పెట్టాలన్నా, బకెట్ ఎత్తాలన్నా, నమాజులో నుదురు నేలకు ఆనించాలన్నా నడుము వంగాల్సిందే. కవాటం లేని మనిషి వంగితే తిన్నది పైకి తోసుకొస్తుంది. కాళ్లలో సత్తువ ఉండి కూడా పొలం పనికి పోలేని పరిస్థితి అది. నేల మీద కూర్చుని చేయి ఊతం లేకుండా లేవడం కూడా మన జీవితంలో రోజూ ఎదురయ్యే పరీక్షే. వరండాలో హాయిగా నడిచి చూపించిన కూలి మనిషి వారం తర్వాత పనిలోకి వెళ్లి, తలవంచుకుని తిరిగి రావచ్చు. తిన్నాక ఎంతసేపు ఆగి వంగాలో, ఏ పనిని ఎలా మార్చుకుని చేయాలో ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నామోషీ ఉండేది కాదు. బతుకుతెరువు ఏమిటో తెలుసుకోకుండా ఓపికను కొలిస్తే ఆ కొలత సగమే.

ఇంత చెప్పుకున్నాక ఒక ఊరట కూడా చెప్పుకోవాలి. ఈ పతనానికి అడుగు ఉంటుంది, చాలామంది అక్కడి నుంచి మళ్లీ పైకి వస్తారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జేన్ బ్లేజ్‌బీ బృందం ఈ రోగులను వైద్యానికి ముందు నుంచీ వెంబడించి, వారి జవాబులను 2000లో ప్రచురించింది. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు వారి పరిస్థితి మునుపటికంటే దిగజారింది. రెండేళ్లు, ఆపైన బతికినవారు మాత్రం తొమ్మిది నెలలు తిరిగేసరికి వైద్యానికి ముందున్న స్థాయికి చేరుకున్నారు. తొమ్మిది నెలలు! బిడ్డ కోసం ఇల్లంతా ఎదురుచూసేంత కాలం. మూడో నెలలో ‘నా పని అయిపోయింది’ అని కుంగిపోయే మనిషికి ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే అదే పెద్ద ధైర్యం. రెండేళ్లలోపే కన్నుమూసినవారు ఆ పాత స్థాయిని మళ్లీ చూడలేదన్నదీ అదే పరిశీలనలో తేలింది. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రోగితో, ఇంటివారితో దాపరికం లేకుండా మాట్లాడటం వైద్యుల బాధ్యత.

పైకి వచ్చే ఆ దారిలో మనం తెలియక అడ్డుపడుతున్నామేమో ఆలోచించుకోవాలి. మన ప్రేమకు ‘పడుకో’ అనడమే బాగా తెలుసు. ‘‘మీరు లేవకండి, నేను తెస్తాను’’ అంటాం. గ్లాసు చేతికందిస్తాం, చెప్పులు తొడుగుతాం, వాకిట్లోకి వస్తే ‘‘గాలి తగులుతుంది, లోపలికి పదండి’’ అంటాం. అందులో ఉన్నదంతా ప్రేమే. కానీ కండకు పని లేకపోతే అది నిలవదు. పెద్ద వయసువారిలో కొద్ది రోజుల మంచం పట్టుకే తొడల్లో బలం తగ్గిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఎన్నో వారాలు పడుతుంది. మనం లేవనివ్వని ప్రతిసారీ ఆ మనిషి లేవగల శక్తి కొద్దికొద్దిగా జారిపోతుంటుంది.

నడిపిస్తే ఏం జరుగుతుందో చూసినవారున్నారు. కెనడాలోని మాంట్రియల్‌లో అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్ ఆపరేషన్‌కు ఎదురుచూస్తున్నవారిని రెండు జట్లుగా విభజించి, 51 మంది ఫలితాలను పోల్చి చూశారు. ఒక జట్టుకు ముందుగానే వ్యాయామం, పోషకాహారం నేర్పారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారన్నది కొలత. ఆపరేషన్ నాటికి ఆ జట్టు సగటున మునుపటికంటే 37 మీటర్లు ఎక్కువ నడిచింది. రెండో జట్టు 23 మీటర్లు తగ్గింది. ఆపరేషన్ తర్వాతా మొదటి జట్టు తొలినాటి దూరాన్ని దాటే ఉండగా, రెండోది దాదాపు 82 మీటర్లు వెనకబడింది. 37 మీటర్లంటే మన వీధిలో నాలుగైదు ఇళ్ల వాకిళ్లు దాటినంత. ఆ నాలుగైదు వాకిళ్ల అవతలే కొందరికి కిరాణా కొట్టు, కొందరికి గుడి, కొందరికి స్నేహితుడి అరుగు ఉంటాయి.

వైద్యం ముగిశాక మొదలుపెట్టినా మేలే. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో 12 వారాలపాటు వ్యాయామం, ఆహార సలహాలు, అవగాహన కలిపి ఇస్తే, ఈ జబ్బుల నుంచి బయటపడినవారి గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం మెరుగుపడింది. నెదర్లాండ్స్‌లో ఆపరేషన్ అయిన 120 మందితో చేసిన మరో అధ్యయనంలో 12 వారాల వ్యాయామం దమ్మును, జీవన నాణ్యతను కొంత పెంచింది. పోయిన బరువు మాత్రం తిరిగి రాలేదు. ఇది మనం గుర్తుపెట్టుకోదగ్గ విషయం. ‘ఇంకా చిక్కిపోయే ఉన్నారు’ అని అద్దంలోనూ, పాత ఫొటోలోనూ వెతుక్కుని బాధపడతాం. చిక్కిన ఒంట్లోనూ దమ్ము పెరుగుతుంది. తూకం కదలకపోయినా నడక సాగుతుంది. అయితే ఎంత నడవాలి, ఏ వ్యాయామం చేయాలన్నది రోగి పరిస్థితి చూసి వైద్యులు, ఫిజియోథెరపిస్టు చెప్పాల్సిందే. జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నప్పుడు పంతం పనికిరాదు.

జబ్బు ముదిరిపోయి, ఆపరేషన్‌కు వీల్లేనివారూ ఎందరో ఉన్నారు. గుటక దిగడానికి అన్నవాహికలో స్టెంట్ అమర్చి పంపిస్తారు. వారి విషయంలో ఓపిక మాట ఎందుకని అనుకోకూడదు. ఆ ఐదు ప్రశ్నల్లో చివరిది వారి కోసమే ఉన్నట్టుంటుంది. స్నానాల గదికి తనంత తాను వెళ్లి తలుపు వేసుకోగలగడం, తన చొక్కా గుండీలు తాను పెట్టుకోగలగడం, ఇవి ఎన్ని రోజులు నిలిస్తే అన్ని రోజులు మనిషి మర్యాద నిలుస్తుంది. గోడకు పట్టుకోవడానికి ఒక కమ్మీ, ఎత్తుగా ఉండే కుర్చీ, జారని చాప... ఇంతమాత్రం ఏర్పాటుతోనూ ఆ గడువు పెరుగుతుంది.

2007 నుంచి ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు తెలుగు కుటుంబాలకు పెద్ద ఆపరేషన్ల దారి తెరిచాయి. కత్తి పట్టే చేతికి ఇచ్చిన విలువే నడిపించే చేతికీ ఇవ్వాలి. క్యాన్సర్ ఆసుపత్రి గడప తొక్కిన మొదటి రోజే, జబ్బు ఏ దశలో ఉందో చూసినట్టే మనిషి ఎంత దూరం నడుస్తున్నాడో కూడా చూసి రాసుకోవాలి. వైద్యం మొదలవకముందే ఆహార నిపుణులు, ఫిజియోథెరపిస్టు ఆ రోగిని కలవాలి. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతోపాటు తేలిక తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఏ వారం ఎంత నడవాలి, ఎలా తినాలి, ఎలా పడుకోవాలి, ఎప్పుడు వంగకూడదు, ఏం కనిపిస్తే వెంటనే రావాలి అన్నది అందులో ఉండాలి. వందల కిలోమీటర్ల అవతలి ఊరికి వెళ్లిపోయే మనిషికి సొంత జిల్లాలోనే ఆ సలహా అందితే ఇంకా మేలు. వీటికి కోట్ల యంత్రాలేం అక్కర్లేదు. అడగాలన్న శ్రద్ధ, వినే తీరిక ఉంటే చాలు.

ఇంట్లోవారు చేయాల్సింది మరీ చిన్న పని. తెలుగులో ఓపిక అంటే ఒంట్లో సత్తువ, ఓపిక అంటే ఓర్పు కూడా. రోగిలో మొదటిది తగ్గినప్పుడు ఇంటివారిలో రెండోది పెరగాలి. సాయంత్రం ఎండ తగ్గాక చెప్పులు తెచ్చి ముందు పెట్టి ‘‘వెళ్దామా?’’ అంటే చాలు. ఆ మనిషి అడుగు చిన్నది కాబట్టి మన అడుగూ చిన్నది చేసుకోవాలి. ఆయన ఆగిన చోట మనమూ ఆగాలి. ఆయాసం తీరేదాకా ఆ గోడ మీది తీగనో, ఎదురింటి వేపచెట్టునో చూస్తూ నిలబడాలి. ఒకరోజు రెండు వాకిళ్లు, వారానికి నాలుగు. ఏదో ఒక సాయంత్రం చూడటానికి వచ్చినవారు మళ్లీ అదే మాట అడుగుతారు. ‘‘కాస్త ఓపిక వచ్చిందా?’’ అప్పుడు ఆ మనిషి ‘పరవాలేదు’ అనరు. ‘‘ఇందాకే కొట్టు దాకా వెళ్లి ఉప్పు ప్యాకెట్ తెచ్చాను’’ అంటారు.